ఈ వారం సమస్య: ఓడి వచ్చిన దొర మనకొడయఁడయ్యె

నిర్వాహకుడు: ఈ పాదం చివర వచ్చేలా తేటగీతి పద్యం పూర్తి చేయాలి. ఒడయఁడు అంటే ప్రభువు. అమెరికా స్వాతంత్ర్య సమరం నేపథ్యంగా పూరిస్తే బాగుంటుంది, వేరే ఏదైనా తోస్తే కాదనను. సమస్య అచ్చుతో మొదలైంది కాబట్టి ముందు పాదాన్ని బట్టి సంధి చేసుకోండి.

గుంటూరు మాష్టారు:

యార్కుటౌనున ఖడ్గమ్ము నప్పగించి
తెల్లమొగమేసి కడలిపైఁ దేలి వచ్చి
కంపెనీ పంప వంగానఁ గద్దెనెక్కి
యోడి వచ్చిన దొర మనకొడయఁడయ్యె

1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో ఏడు వేల పైచిలుకు సైన్యంతో అమెరికా, ఫ్రెంచి సేనలకు లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్, ఐదేళ్లు తిరక్కుండా 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు.

డాలస్ సభ్యురాలు: తెల్లదొర 'తెల్లమొగం' వేయడం భలే ఉంది మాష్టారూ! కానీ కత్తి ఆయన అప్పగించలేదండీ. ఒంట్లో బాగోలేదని చెప్పి తన కింది సేనాని ఓహారాని పంపాడు. ఓహారా ఫ్రెంచి సేనాని రోషాంబో దగ్గరికి వెళ్తే ఆయన వాషింగ్టన్‌ని చూపించాడు. వాషింగ్టనేమో 'నీ స్థాయికి మా లింకన్ చాలు' అన్నట్టు తన కింది సేనాని బెంజమిన్ లింకన్ వైపు పంపాడు. మన ఆఫీసుల్లో ఫైలు తిరిగినట్టు తిరిగింది లొంగుబాటు. 'నప్పగించి' తీసి 'నంపివైచి' అనండి. గణాలు చెడవు, యతి నిలుస్తుంది.

నిర్వాహకుడు: మంచి సవరణ. 'తేలి వచ్చి', కింద 'ఓడి వచ్చిన' అని 'వచ్చి' రెండుసార్లు పడింది. 'దేలి తేలి' అంటే ఆ ప్రయాణం కూడా కనిపిస్తుంది.

గుంటూరు మాష్టారు: రెండూ మార్చేశాను. సంతోషం అమ్మా.

కర్నూలు కుర్రాడు:

సగము రాజ్యమ్ము గొనె టిప్పు సంధి పేర
కొడుకులిద్దరిఁ గుదువగాఁ గోరి తెచ్చె
నచటఁ దలవంచి యిచ్చట నణచె మనల
నోడి వచ్చిన దొర మనకొడయఁడయ్యె

గుంటూరు మాష్టారు: 'కుదువ' దగ్గర ఆగిపోయాను నాయనా. కారన్‌వాలిస్ టిప్పుని ఓడించి చేసుకున్న 1792 శ్రీరంగపట్నం సంధిలో 3 కోట్ల 30 లక్షల రూపాయలు కట్టేదాకా పసిపిల్లల్ని తాకట్టు పెట్టుకున్నారు, 1794లో గానీ వదల్లేదు. మీ పక్కనున్న కడప, గండికోట ఆ పంపకంలోనే నిజాముకి పోయాయి. పద్యంలో అసలు పని మాత్రం మూడో పాదమే చేసింది. అందులో 'మనల', కింద 'మనకు' ఎందుకు? 'నణచివైచె' చాలు.

విజయవాడ సభ్యుడు: నాది పదవిరుపు. కోడి అనుకుని నవ్వకండి.

వర్తకము పేర దిగినట్టి వాఁడు క్లైవు
ప్లాసి మామిడి తోఁపులోఁ బన్ని కుట్ర
మూటలను గట్ట నెంచెను మొదట, నాశ
కోడి వచ్చిన దొర మనకొడయఁడయ్యె

నిర్వాహకుడు: 'ఆశకు ఓడి'! విరుపు చమత్కారంగా ఉంది. క్లైవుకి అతికింది కూడా. అయితే దీన్ని ఎవరూ కారన్‌వాలిస్‌కి అంటగట్టకండి. ఆయన జీతాలు పెంచి, కంపెనీ ఉద్యోగుల సొంత వ్యాపారాలు కట్టడి చేసిన మనిషి. మనవాళ్లకు పెద్ద ఉద్యోగాలు లేకుండా చేసిందీ ఆయన హయామే. 1793లో వంగదేశంలో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి (జమీందార్లు కంపెనీకి కట్టే శిస్తుని ఎప్పటికీ మారకుండా ఖాయం చేయడం) 1802 నుంచి మన సర్కారు జిల్లాలకూ వచ్చింది. రైతుకి లంచగొండి దొర కన్నా ఈ నిజాయితీపరుడి వల్లే ఎక్కువ కాలం కష్టం అని నా అభిప్రాయం. దీని మీద ఎవరూ పద్యం రాయలేదేం?

డాలస్ సభ్యురాలు: నేను 'మన' ఎవరిదో మార్చి చూశాను. కారన్‌వాలిస్ తర్వాత ఐర్లండ్‌ని ఏలడానికీ వెళ్లాడు కదా, ఈ 'మన' అక్కడివాళ్లది.

అమెరికా పోవ నిచ్చిరి యైరులాండు
గద్దె, నెక్కఁగ నచ్చటి ఘనులుఁ గూడ
తిట్టుకొనుచును దమలోనఁ దెలిపి రిట్టు
లోడి వచ్చిన దొర మనకొడయఁడయ్యె

కర్నూలు కుర్రాడు: ఘనులు ఎందుకండీ? తిరగబడింది మామూలు జనం కదా?

డాలస్ సభ్యురాలు: 1798 తిరుగుబాటు అణిచాక లొంగిపోయినవాళ్లని కొంత మెత్తగా చూశాడని అక్కడి పెద్ద భూస్వాములకు కోపం. అందుకే వాళ్ల నోట పెట్టాను.

గుంటూరు మాష్టారు: 'ఇట్టులు + ఓడి' విడగొట్టి పాదం మార్చడం నిండుగా ఉంది. 'అమెరికా', 'ఐరులాండు' అ–ఐ యతి కూడా వెతక్కుండానే దొరికినట్టుంది. ఈ వారం నా ఓటు దీనికే.

నిర్వాహకుడు: నాదీ. వచ్చే వారం మళ్లీ తేటగీతే: ఉప్పుకడలిలోఁ దేయాకు నుడుకఁబెట్టె. 1773లో 342 తేయాకు పెట్టెలు మింగిన బోస్టన్ రేవు గుర్తొస్తే సరే, లేదంటే మీ ఇష్టం. కాఫీ తాగేవాళ్లకు మినహాయింపు లేదు.