మొదటి పెద్ద బండిగా తేలికపాటి ట్విన్ సిలిండర్ నేకెడ్ బైకు తీసుకోవచ్చా?

కొత్తచక్రం:

అందరికీ నమస్కారం. నేను ఇంతవరకు 125 సీసీ సింగిల్ సిలిండర్ బండి మాత్రమే నడిపాను. ట్రాఫిక్‌లో క్లచ్, గేర్లు మార్చుకోవడం బాగానే అలవాటైంది గానీ, హైవే మీదికి వెళ్తే ఆ ఇంజన్ ఆయాసపడుతోంది, లారీని దాటాలంటే చాలాసేపు ఎదురుచూడవలసి వస్తోంది. అందువల్ల ఫెయిరింగ్ (ఇంజన్‌ను కప్పే ముందువైపు కవర్లు) లేకుండా, కొంచెం నిటారుగా కూర్చునే వీలుండి, రెండు సిలిండర్ల ఇంజన్ ఉన్న తేలికైన బండికి మారాలని అనుకుంటున్నాను. యమహా ఎంటీ-03, కవాసాకి జడ్400, హోండా సీబీ500ఎఫ్ అనే మూడింటి దగ్గర ఆగాను. వీటిలో ఏదైనా సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవాలన్నది నా ఆలోచన.

నా ఎత్తు 160 సెంటీమీటర్లు. నా సందేహాలు రెండు. చిన్న ట్విన్ ఇంజన్లకు తక్కువ ఆర్‌పీఎంలో, అంటే ఇంజన్ నిమిషానికి తక్కువ చుట్లు తిరిగేటప్పుడు, పికప్ ఉండదని కొందరు చెబుతున్నారు, అది ఎంతవరకు నిజం? నాకిప్పుడు అలవాటైన బండి కంటే సుమారు 50 కిలోలు ఎక్కువ ఉండే బండిని, నా ఎత్తు మనిషి మెల్లగా వెళ్లేటప్పుడు, మలుపు తిప్పేటప్పుడు అదుపు చేయగలరా?

రెంచి:

మీ మొదటి సందేహానికి ఆధారం ఉంది. అయితే దాన్ని లోపంగా కాకుండా ఆ ఇంజన్ స్వభావంగా అర్థం చేసుకుంటే బండి ఎంచుకోవడం తేలికవుతుంది.

ఎంటీ-03లో 321 సీసీని రెండు సిలిండర్లు పంచుకుంటాయి. పిస్టన్లు చిన్నవి, స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 44.1 మిల్లీమీటర్లే. అంత తక్కువ దూరం ప్రయాణించే తేలికైన పిస్టన్లను చాలా వేగంగా తిప్పవచ్చు కాబట్టి ఆ ఇంజన్ తన 42 హార్స్‌పవర్‌ను 10,750 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది. టార్క్ (తిప్పే బలం) 29.6 న్యూటన్ మీటర్లు, అది కూడా 9,000 దగ్గర. పోలిక కోసం సింగిల్ సిలిండర్ కేటీఎం 390 డ్యూక్‌ను చూడండి. 373 సీసీ, 60 మిల్లీమీటర్ల స్ట్రోక్ ఉన్న పాత మోడల్ 37 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 7,000 దగ్గరే ఇచ్చేస్తుంది. హార్స్‌పవర్‌లో రెండింటికీ పెద్ద తేడా లేదు గానీ, ఆ శక్తి ఎక్కడ దొరుకుతుందన్నదే వేరు. మీ 125 సీసీ బండి అలవాటుతో 4,000 దగ్గరే గేరు మార్చేస్తూ పోతే ఎంటీ-03 మీకు నీరసంగానే కనిపిస్తుంది. అదే ఇంజన్‌ను 7,000 దాటనిస్తే మరో బండి ఎక్కినట్టు ఉంటుంది. మొదట్లో ఆ శబ్దం విని ఇంజన్‌కు ఏమైనా అవుతుందేమోనని చాలామంది భయపడతారు, కానీ అది ఆ వేగంలో తిరగడానికే తయారైంది.

జడ్400 ఈ విషయంలో కొంత మధ్యస్థంగా ఉంటుంది. 399 సీసీ, 51.8 మిల్లీమీటర్ల స్ట్రోక్, 8,000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 37 న్యూటన్ మీటర్లు. సీబీ500ఎఫ్‌లో బోర్ (సిలిండర్ వ్యాసం) 67, స్ట్రోక్ 66.8 మిల్లీమీటర్లు, అంటే రెండూ దాదాపు సమానం. అందుకే అది ఎక్కువ ఆర్‌పీఎం వరకు అంతగా పరుగెత్తదు గానీ సుమారు 43 న్యూటన్ మీటర్లను 7,000 లోపే ఇస్తుంది, గేరు తగ్గించకుండానే చాలాసార్లు పని జరిగిపోతుంది. దాని శక్తి 35 కిలోవాట్ల దగ్గర, అంటే 47 హార్స్‌పవర్ దగ్గర ఆగడం యాదృచ్ఛికం కాదు. ఐరోపాలో కొత్తవారికి ఇచ్చే ఏ2 లైసెన్సు పరిమితి సరిగ్గా అంతే. ఆ నిబంధన 2013 జనవరిలో అమలులోకి వచ్చింది, ఈ బండి కూడా ఆ ఏడాదే వచ్చింది.

మరొక సంగతి. మీరు చెప్పిన మూడు ఇంజన్లలోనూ క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 180 డిగ్రీలదే. సైకిల్ పెడళ్లలాగా ఒక పిస్టన్ పైకి వెళ్లేటప్పుడు రెండోది కిందికి దిగుతుంది, కనుక వాటి ప్రధాన బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలే పక్కవాటు ఊపును బ్యాలెన్సర్ షాఫ్ట్ చాలావరకు తగ్గిస్తుంది. హైవే మీద గంటలసేపు నడిపినప్పుడు అరచేతులు తిమ్మిరెక్కకపోవడం సింగిల్ మీద ట్విన్‌కు ఉన్న అసలు లాభమని నా అభిప్రాయం, టాప్ స్పీడ్ కాదు.

నల్లరోడ్డు:

రెంచి గారి వివరణలో తప్పుపట్టడానికేమీ లేదు గానీ, ఈ మూడు చిన్న బండ్లకే పరిమితం కావడంతో నేను ఏకీభవించను. కొన్నాళ్లకు విసుగు పుట్టే బండి తీసుకోవడం ఎందుకు? యమహా ఎంటీ-07 తీసుకుంటే సరిపోతుంది. ట్యాంకు నిండా పెట్రోలుతో దాని బరువు సుమారు 184 కిలోలు, సీబీ500ఎఫ్ కంటే తక్కువే. 689 సీసీ, 270 డిగ్రీల క్రాంక్, కింది ఆర్‌పీఎం నుంచే గుంజుతుంది. మాటిమాటికీ గేర్లు తగ్గించే శ్రమ ఉండదు, మళ్లీ బండి మార్చే ఖర్చూ ఉండదు. నగరంలోనే ఎక్కువగా తిరిగేవారైతే 390 డ్యూక్ లాంటి సింగిల్ ఇంకా తేలిక.

దూరప్రయాణి:

నల్లరోడ్డు గారూ, బరువు విషయంలో మీ లెక్క సరైనదే. కానీ 125 సీసీ నుంచి నేరుగా వచ్చే మనిషికి ఎంటీ-07లో ఇబ్బంది బరువుతో రాదు, కుడి మణికట్టుతో వస్తుంది. ఎంటీ-03 ఇచ్చే టార్క్‌కు రెట్టింపు కంటే ఎక్కువ, అదీ 6,500 దగ్గరే వచ్చే బండి మీద, గతుకులో చెయ్యి అదిరి థ్రాటిల్ (యాక్సిలరేటర్ పిడి) కొద్దిగా తిరిగినా బండి ముందుకు దూకుతుంది. తడి రోడ్డు మీద మలుపులో ఉన్నప్పుడు అదే జరిగితే వెనుక చక్రం జారుతుంది. చిన్న ట్విన్‌లో అదే పొరపాటు జరిగితే శబ్దం పెరుగుతుంది తప్ప పెద్దగా ఏమీ కాదు. కింది ఆర్‌పీఎంలో పికప్ తక్కువ ఉండటాన్ని అందరూ లోటుగా చెబుతున్నారు గానీ, నేర్చుకునేవారికి నిజంగా రక్షణనిచ్చేది అదే. ఏ2 పరిమితికి తగ్గించిన ఎంటీ-07 కూడా దొరుకుతుంది, అయితే అందులో తగ్గేది పైన వచ్చే శక్తే, కింద గుంజే స్వభావం చాలావరకు అలాగే ఉంటుంది.

కొత్తచక్రం గారి రెండో సందేహానికి వస్తాను. ఎంటీ-03 సుమారు 168 కిలోలు, జడ్400 సుమారు 167, సీబీ500ఎఫ్ 189. మొదటి రెండింటి సీటు ఎత్తు వరుసగా 780, 785 మిల్లీమీటర్లు, మూడోది కూడా దాదాపు అంతే. మీ ఎత్తుకు రెండు మడమలూ నేలకు పూర్తిగా ఆనకపోవచ్చు. ఆనాలన్న పట్టుదల కూడా అవసరం లేదు. కొద్దిగా ఎడమకు జరిగి కూర్చుని ఎడమ పాదం నిండుగా మోపగలిగితే, కుడి పాదం వెనుక బ్రేకు మీద ఉండవచ్చు. కాగితం మీది సీటు ఎత్తు కంటే సీటు ముందు భాగం ఎంత సన్నగా ఉందన్నదే ముఖ్యం. సీటు వెడల్పుగా ఉంటే తొడలు బయటికి తెరుచుకుని, కాలి పొడవు అక్కడే ఖర్చైపోతుంది. కాబట్టి మూడింటి మీదా కూర్చుని చూడకుండా నిర్ణయించవద్దు.

20 కిలోల తేడా నడుస్తున్నప్పుడు తెలియదు. పార్కింగులో బండిని వెనక్కు తోసేటప్పుడు, ఏటవాలు నేల మీద ఆపినప్పుడు, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు తెలుస్తుంది. 14 లీటర్ల పెట్రోలు అంటే పది కిలోల పైమాటే, ఆ బరువంతా పైన ఉంటుంది.

కొత్తవారి బండ్లు ఎక్కువగా పడేది వేగంలో కాదు, నడక వేగంలో. యూ టర్న్ మధ్యలో హ్యాండిల్ పూర్తిగా తిరిగి ఉండగా ఎవరో అడ్డం వస్తారు, మనిషి కంగారుపడి ముందు బ్రేకు పట్టేస్తాడు, బండి తిరిగిన వైపుకే వాలిపోతుంది. అంత నెమ్మదిలో ముందు బ్రేకును వదిలేసి, హాఫ్ క్లచ్‌లో ఇంజన్‌ను కొంచెం లాగనిస్తూ, వెనుక బ్రేకును తేలిగ్గా నొక్కి ఉంచి, చూపును వెళ్లవలసిన చోట నిలపాలి. ఈ బండ్ల క్లచ్ ఆయిల్లో మునిగి ఉండేది కాబట్టి అలా కాసేపు జారనిచ్చినంత మాత్రాన పాడైపోదు. ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం వచ్చేవరకు హైవే ఊసెత్తవద్దని నా సలహా.

నల్లరోడ్డు:

థ్రాటిల్ గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటాను. అయితే విసుగు గురించి నేను అన్న మాట మాత్రం వెనక్కు తీసుకోను. పొడవాటి ఎక్కుడు రోడ్డు మీద వెనుక మనిషిని కూర్చోబెట్టుకుని ఎంటీ-03 నడిపితే గేర్లు మార్చడంతోనే సరిపోతుంది. వెనుక మనిషి ఎప్పుడూ ఉండే పరిస్థితి అయితే ఈ మూడింటిలో సీబీ500ఎఫ్ తప్ప వేరేది చూడవద్దు.

కొత్తచక్రం:

అందరికీ ధన్యవాదాలు. నేను ఎక్కువగా ఒంటరిగానే వెళ్తాను. మూడింటి మీదా కూర్చుని చూశాను, సీబీ500ఎఫ్‌ను సైడ్ స్టాండ్ నుంచి లేపడమే నాకు కొంత కష్టమనిపించింది కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. ఇప్పుడు ఒక సెకండ్ హ్యాండ్ జడ్400 దొరికింది. క్లచ్ లివర్ చివర కొద్దిగా వంగి ఉంది, నిలిపి ఉంచినప్పుడు పడిపోయిందని అమ్మేవారు చెబుతున్నారు. ఇంజన్ శబ్దం మాత్రం చాలా నిశ్శబ్దంగా, మెత్తగా ఉంది. ఇంకా ఏమేమి చూడాలి?

రెంచి:

ఈ తరగతి బండ్లను ఎక్కువగా కొత్తవారే కొంటారు కాబట్టి, ఒకసారి కూడా పడని సెకండ్ హ్యాండ్ బండి దొరకడం అరుదు. పడిందా లేదా అన్నది ప్రశ్న కాదు, ఎలా పడిందన్నదే తేల్చుకోవాలి. నిలబడి ఉండగా పడితే లివర్ కొన, హ్యాండిల్ చివరి బరువు, ఫుట్‌రెస్ట్ కొన, అద్దం, ఒకవేళ ఇంజన్ పక్క కవరు, వీటి మీద ఒకే చోట చిన్న గాటు ఉంటుంది. నడుస్తూ పడి ఈడ్చుకుపోయి ఉంటే ఆ గీతలు పొడవుగా, అన్నీ ఒకే దిశలో ఉంటాయి. లివర్ వంగిన వైపే గేరు పెడలు కూడా ఉంటుంది కాబట్టి అది లోపలికి వంగిందేమో, గేర్లు తడబడకుండా పడుతున్నాయేమో గమనించండి. తర్వాత హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు పూర్తిగా తిప్పి, అది ఆగే చోట ఫ్రేము మీద ఉండే చిన్న దిమ్మెలను టార్చి వేసి చూడండి. అవి నొక్కుకుపోయి గానీ, పెయింటు పగిలి గానీ ఉంటే ముందు చక్రానికి గట్టి దెబ్బ తగిలిందని అర్థం, ఆ బండి వద్దు.

ఇంజన్ నిశ్శబ్దంగా ఉందని సంతోషించడానికి తొందరపడవద్దు. ఇలాంటి ఇంజన్లలో కాలం గడిచేకొద్దీ వాల్వులు తాము మూసుకుని ఆనే అంచుల్లోకి కొంచెం కొంచెంగా దిగబడి, క్లియరెన్సు (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సన్నని ఖాళీ) పెరగడానికి బదులు తగ్గుతుంది. వదులైన వాల్వు టకటకమంటుంది, బిగిసిన వాల్వు ఏ శబ్దమూ చేయదు. బిగిసిన ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోకపోతే దాని అంచు కాలిపోతుంది. అందువల్ల మాన్యువల్ చెప్పిన దూరానికి వాల్వు క్లియరెన్సు చూపించినట్టు సర్వీసు రికార్డులో ఉందా అని అడగండి. లేకపోతే ఆ ఖర్చును ధరలో తగ్గించమనండి. ఆ పనికి ట్యాంకు, ఎయిర్ బాక్సు విప్పవలసి వస్తుంది కాబట్టి మజూరీ తక్కువేమీ కాదు.

మీరు వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి, వెళ్లగానే చేత్తో తాకి చూడండి. చల్లటి ఇంజన్ స్టార్టయ్యే తీరులోనే బ్యాటరీ, ఇంధన వ్యవస్థల స్థితి చాలావరకు బయటపడుతుంది. కూలెంటు ట్యాంకులో మట్టం తక్కువగా ఉంటే ఎందుకు తగ్గిందో అడగండి. ముందు ఫోర్కు మీద నూనె చార, చైను తిరిగే వెనుక స్ప్రాకెట్ పళ్లు ఒకవైపుకు వంగడం, చైను ఒకచోట బిగువుగా మరోచోట వదులుగా ఉండటం, ఇవి కళ్లకు కనిపించేవే. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. గాట్లు లోతుగా ఉన్నా రబ్బరు పాతదైతే తడిలో పట్టు ఉండదు, కొత్తవారు పాత టైర్లతో నేర్చుకోకూడదు.

అన్నీ సరిగా ఉంటే జడ్400 మీకు ఎంటీ-03 కంటే మెరుగైన ఎంపిక అని నేను అనుకుంటున్నాను. బరువు దాదాపు సమానం, కింద టార్క్ ఎక్కువ, పైగా దీనికి మొదటి నుంచీ అసిస్ట్ అండ్ స్లిప్పర్ క్లచ్ ఉంది. దానివల్ల లివర్ తేలిగ్గా ఉంటుంది, ఒకేసారి రెండు గేర్లు తగ్గించినప్పుడు వెనుక చక్రం గెంతడమూ తగ్గుతుంది. కొన్నాక లివర్ మారుస్తారు కదా, అప్పుడు దాని క్లాంపును మరీ బిగించకుండా, గట్టిగా తోస్తే హ్యాండిల్ మీద తిరిగేటంత బిగువులో ఉంచమని మెకానిక్‌కు చెప్పండి. ఈసారి పడితే లివర్ విరగకుండా పక్కకు తిరుగుతుంది.