రబ్బీ అకీవా 24 ఏళ్లు ఇల్లు వదిలి చదువుకోవడం గొప్పా, తప్పా?

లాంతరు:
ఈయన గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు కాబట్టి నేనే మొదలుపెడుతున్నాను. క్రీ.శ. మొదటి శతాబ్దం చివర, రెండో శతాబ్దం మొదట్లో యూదయలో (ఇప్పటి ఇజ్రాయెల్ ప్రాంతం) బతికిన రబ్బీ, అంటే యూదు మతగురువు. 40 ఏళ్ల దాకా అక్షరం ముక్క రాదు. కల్బా సవూవా అనే ధనికుడి గొర్రెలు కాసేవాడు. ఆ ధనికుడి కూతురు ఇతనిలో మంచితనం చూసి, "నిన్ను చేసుకుంటే చదువుకోవడానికి వెళ్తావా?" అని అడిగింది. వెళ్తానన్నాడు. సంగతి తెలిసి తండ్రి ఆమెను ఇంట్లోంచి గెంటేశాడు, తన ఆస్తిలో ఏమీ దక్కదని ఒట్టు పెట్టుకున్నాడు.

అకీవా 12 ఏళ్లు చదివి 12,000 మంది శిష్యులతో తిరిగొచ్చాడు. ఒక ముసలాయన ఆమెతో "బతికున్న మొగుడికి విధవలా ఇంకెన్నాళ్లు?" అంటున్నాడు. "నా మాట వింటే ఇంకో 12 ఏళ్లు చదువుకోమంటాను" అందామె. అది విని అటునుంచి అటే వెళ్లిపోయాడు. మళ్లీ 12 ఏళ్లకు 24,000 మందితో వచ్చాడు. ఆమె వచ్చి కాళ్ల మీద పడితే శిష్యులు నెట్టేయబోయారు. "వదలండి, నాదీ మీదీ అంతా ఆమెదే" అన్నాడు.

చదువు గురించి ఇంతకన్నా గొప్ప కథ నాకు తెలీదు. ఆ వయసులో కొడుకుతో పాటు పలక పట్టుకుని అక్షరాలు దిద్దాడు. నీళ్లు పడి పడి గుంటపడిన రాయిని చూసి, రాతినే నీళ్లు తొలిస్తే నా గుండెను తోరా (యూదుల ధర్మశాస్త్రం) తొలవదా అనుకున్నాడు. మీరేమంటారు?

వానచినుకు:
రాయి, నీళ్లు... కళ్లు చెమర్చాయండీ. మా అబ్బాయికి చెప్తాను.

సీతాఫలం:
12 ఏళ్ల తర్వాత ఇంటి దాకా వచ్చినవాడు లోపలికి ఎందుకు రాలేదు?

కొలిమి:
లాంతరు గారూ, మీరు రెండు కథలు కలిపేశారు. తల్ముద్‌లో (యూదు పండితుల చర్చల గ్రంథం) కెతుబోత్ అనే భాగంలో వాళ్లది రహస్యంగా జరిగిన నిశ్చయం. ఆ వెంటనే పంపించేసిందన్నట్టే ఉంటుంది, అక్కడ కొడుకు లేడు. కొడుకుతో పలక పట్టుకున్న కథ అవోత్ దె రబ్బీ నాతాన్ అనే వేరే గ్రంథంలోది. ఏ కథ మీద చర్చో ముందు తేల్చండి. 12,000, 24,000 అన్న అంకెలు కూడా లెక్కపెట్టి రాసినవి కావు.

లాంతరు:
కొలిమి గారూ, అంకెలు పక్కన పెట్టండి. సీతాఫలం గారికి జవాబు: ఆమె అనుమతి ఇచ్చింది కాబట్టి. "అనుమతి ఇస్తోంది కదా" అనుకునే వెళ్లాడని కెతుబోత్‌లోనే ఉంది. అసలు చదువుకోవాలన్న షరతే ఆమెది.

సీతాఫలం:
ఆయన బయట నిలబడి వింటున్నాడని ఆమెకు తెలీదు. ఆమె మాట్లాడింది ముసలాయనతో. మొగుణ్ని ఎత్తిపొడిచేవాడి ముందు ఏ ఆడదైనా ఏమంటుంది? పరువు కాపాడే మాట అంటుంది. దాన్ని అనుమతి అంటారా?

మా బాపు నాకు నాలుగేళ్లప్పుడు మస్కట్ పోయాడు. 11 ఏళ్లలో రెండుసార్లు వచ్చాడు. ఊళ్లో ఎవరడిగినా అమ్మ "ఉండనీయండి, పిల్లల చదువులు అయ్యేదాకా ఉండనీయండి" అనేది. రాత్రిపూట ఆమె ఎట్లా ఉండేదో పక్కన పడుకున్న నాకు తెలుసు. బాపును అడిగితే ఇప్పటికీ "మీ అమ్మే ఉండమంది" అంటాడు.

మెట్టపొలం:
గల్ఫ్ వేరు, తోరా వేరు. టాపిక్ మీదికి రండి.

కొలిమి:
టాపిక్ మీదే చెప్తాను. ఎవరు ఎన్నాళ్లు ఇల్లు వదలచ్చో మిష్నాలో (తల్ముద్‌కు మూలమైన యూదు నియమాల గ్రంథం) లెక్క ఉంది. భార్యను అడక్కుండా కూలివాళ్లు ఒక వారం, తోరా విద్యార్థులు 30 రోజులు. రెండు మూడేళ్లు వెళ్లచ్చన్న మాటను పట్టుకుని వెళ్లిన పండితులు ప్రాణం మీదికి తెచ్చుకున్నారని రావా అనే తల్ముద్ పండితుడు అన్నాడు. ఆ పక్కనే రావ్ రెహూమీ అనే పండితుడి కథ ఉంది. ఏడాదికోసారి, యోమ్ కిప్పూర్ (యూదుల ప్రాయశ్చిత్త దినం) ముందు రోజు మాత్రమే ఇంటికొచ్చేవాడు. ఒక ఏడాది చదువులో పడి మర్చిపోయాడు. భార్య "ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడు" అని ఎదురుచూసి కన్నీరు కార్చింది. అదే సమయానికి ఆయన కూర్చున్న కప్పు కూలి చనిపోయాడు.

సీతాఫలం:
చూశారా! అకీవా కథ రాసినవాళ్లే ఇది కూడా రాశారు. ఆ కన్నీటి విలువ వాళ్లకు తెలుసు.

లాంతరు:
రావ్ రెహూమీ మాట ఇచ్చి మర్చిపోయాడు, అకీవా మర్చిపోలేదు. ఇద్దరికీ పోలికే లేదు. ఇంకో తల్ముద్ ఉంది, యెరూషలేము తల్ముద్, అది చూడండి. అకీవా భార్యకు 'బంగారు నగరం' అనే నగ చేయించాడు. అది చూసి అప్పటి యూదు పెద్ద రబ్బాన్ గమలీయేలు భార్య అసూయపడితే, ఆయన ఏమన్నాడు? "ఆమె తన జడలు అమ్మి మొగుణ్ని చదివించింది, నువ్వు అలా చేశావా?" అన్నాడు. పరమగీతం (బైబిల్లోని ప్రేమగీతం) అతిపరిశుద్ధం అని వాదించిన మనిషికి భార్య మీద ప్రేమ లేదంటారా?

సీతాఫలం:
ఇంకో అందగత్తె కనబడితే భార్యకు విడాకులివ్వచ్చని మిష్నాలో చెప్పింది కూడా ఆయనే. జడలు ఆమె అమ్మింది, నగ తర్వాత వచ్చింది. నేనడిగింది నగ గురించి కాదు, లోపలికి ఎందుకు రాలేదని. ఆయన్ను చూడ్డానికి వెళ్లేటప్పుడు మంచి బట్టలు అరువు తెచ్చుకోమని పక్కింటివాళ్లంటే, నీతిమంతుడికి తన పశువు ప్రాణం తెలుసని బైబిల్ సామెతల గ్రంథంలోని మాట చెప్పిందట. తనను పశువుతో పోల్చుకుంది! కెతుబోత్‌లో ఆమెకు పేరు కూడా లేదు, కల్బా సవూవా కూతురు, అంతే.

వానచినుకు:
రాహేలు కదా?

కొలిమి:
రాహేలు పేరు కెతుబోత్‌లో లేదు, సీతాఫలం గారు చెప్పింది నిజమే. అయితే హీబ్రూలో రాహేలంటే ఆడగొర్రె. అకీవా దంపతుల కూతురు కూడా బెన్ అజ్జయి అనే పండితుణ్ని అలాగే చదువుకు పంపిందని చెప్పి, "గొర్రె వెంట గొర్రె" అన్న నానుడి అక్కడ పెట్టారు.

లాంతరు:
సీతాఫలం గారూ, మీ నాన్నగారి మీది కోపం 1,900 ఏళ్ల కిందటి మనిషి మీద చూపిస్తున్నారు. ఈయన్ని కైసరియలో రోమన్లు ఇనుప దువ్వెనలతో ఒళ్లు చీల్చి చంపితే, షెమా (దేవుడు ఒక్కడే అని చెప్పే యూదుల ప్రార్థన) చెప్తూ "ఒక్కడే" అన్న మాట దగ్గర ప్రాణం వదిలాడు. అలాంటివాణ్ని గుమ్మం దగ్గర నిలబెట్టి దొంగను అడిగినట్టు అడుగుతున్నారు.

సీతాఫలం:
అవును, కోపమే. ఉండకూడదా? ఆయన చావు గొప్పదే, కాదనను. మీకెందుకు ఇంత టెన్షన్? మిమ్మల్ని ఏమైనా అన్నానా?

లాంతరు:
అన్నట్టే ఉంది. నేను 36వ ఏట గ్రూప్స్ పాసయ్యాను. ఏడేళ్లు అశోక్ నగర్‌లో రూమ్‌లో ఉన్నాను. ఊళ్లో మా ఆవిడ జాకెట్లు కుట్టి డబ్బు పంపింది. సన్మానం చేసినప్పుడు స్టేజీ మీద "ఇదంతా ఆమెదే" అన్నాను. అకీవా మాటే అది. మీరు చెప్పింది నిజమైతే ఆ మాటకు అర్థమేముంది? ఆమె ఒక్కసారి కూడా రమ్మనలేదు.

సీతాఫలం:
మీరు అడిగారా, రానా అని?

మెట్టపొలం:
ఇద్దరూ కాస్త ఆగండి. పెద్దలు ఈ థ్రెడ్ చదువుతున్నారు.

లాంతరు (రెండు రోజుల తర్వాత):
నిన్న రాత్రి అడిగాను. "ఇప్పుడెందుకు?" అంది, మళ్లీ మిషను దగ్గర కూర్చుంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. అయినా అకీవా చదువుకోకుండా ఉండాల్సిందని నేను ఒప్పుకోను. ఆయన లేకపోతే ఆయన శిష్యులు రబ్బీ మేయిర్, యెహూదా, షిమోన్, యోసే, వీళ్లెవరూ లేరు. మిష్నా ఇలా ఉండేది కాదు.

సీతాఫలం:
చదువుకోవద్దని నేనెక్కడన్నాను? లోపలికొచ్చి, కూర్చుని, ఆమె పెట్టింది తిని, తెల్లారి వెళ్లమంటున్నాను. ఆ 12 ఏళ్లు అప్పుడూ ఉంటాయి కదా.