ఇంగ్లండ్ రాజులు, ఫ్రాంకుల (నేటి ఫ్రాన్స్, జర్మనీ వైపు ఏలినవాళ్లు) రాజులు అసలు క్రైస్తవంలోకి ఎందుకు వచ్చారు? ఆ చోట్లు చూసినవాళ్లు చెప్పండి

కెంట్ కుర్రాడు:
మొన్న సెలవుల్లో కాంటర్‌బరీ వెళ్లొచ్చాం. అందరూ కెథీడ్రల్ చూసి ఫొటోలు దిగి వచ్చేస్తారు కదా, మేం ఇంకాస్త నడిచి పాత ఊరి గోడ అవతల గుట్ట మీదున్న సెయింట్ మార్టిన్స్ చర్చి కూడా చూశాం. మన పల్లెటూరి చర్చి అంతే ఉంటుంది, గోడలో రోమన్ల కాలం నాటి పలచటి ఎర్ర ఇటుకలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లో నేటికీ ప్రార్థనలు జరుగుతున్న చర్చిల్లో ఇదే పాతదట. అప్పట్లో ఇంగ్లండ్ అంటే చిన్న చిన్న రాజ్యాలు, అందులో ఒకటైన కెంట్ రాజు ఎథెల్‌బర్ట్ భార్య బెర్తా ఫ్రాంకుల రాకుమారి, పుట్టింటి నుంచి వస్తూనే లియుడ్‌హార్డ్ అనే బిషప్‌ని వెంటబెట్టుకొచ్చి ఇక్కడ ప్రార్థన చేసుకునేది. ఇన్నేళ్లు భార్య పక్కనే ఉండి కూడా మారని మనిషి, 597లో పోప్ గ్రెగరీ పంపిన అగస్టీన్ రాగానే ఎందుకు మారాడు? భక్తా, రాజకీయమా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత నాణెం:
రాజకీయమే బ్రో, సందేహమేం లేదు. భార్య తెచ్చిన మతం తీసుకుంటే ఫ్రాంకుల రాజులకి చిన్న తమ్ముడిలా అయిపోతాడు. అదే రోమ్ నుంచి నేరుగా తీసుకుంటే ఆ మాట పడక్కర్లేదు, పోప్ ఎక్కడో దూరాన ఉంటాడు, సైన్యం వేసుకుని రాడు. ఇలా చెప్పే చరిత్రకారులు ఉన్నారు, నాకూ అదే సబబుగా అనిపిస్తుంది. ఇంకోటి, వచ్చినవాళ్లకి రాయడం వచ్చు. ఎథెల్‌బర్ట్ శాసనాలు ఇంగ్లిష్ భాషలో రాసిన మొదటి చట్టం, దాంట్లో మొట్టమొదటి మాటే దేవుడి సొమ్ము, చర్చి సొమ్ము దొంగిలిస్తే పన్నెండింతలు కట్టాలని. బిషప్ సొమ్ముకి పదకొండింతలు, రాజు సొమ్ముకి తొమ్మిదింతలే! ఆ తర్వాత చెవి తెగితే 12 షిల్లింగులు, బొటనవేలు పోతే 20, బొటనవేలి గోరు పోతే 3 అని వరసగా రేట్లు. అప్పటిదాకా పెద్దల నోటిలో ఉన్నది కాగితం, సారీ, తోలు మీదకెక్కింది.

రెవరెండ్ గారి మనవడు:
అంత తేలిగ్గా తేల్చేయకండి. బీడ్ అనే ఇంగ్లిష్ సన్యాసి 731లో పూర్తి చేసిన చరిత్రలో ఏం రాశాడంటే, ఎథెల్‌బర్ట్ అగస్టీన్‌ని థానెట్ ద్వీపంలో ఆరుబయటే కలిశాడట, ఇంటి కప్పు కింద కలిస్తే వీళ్లు ఏదైనా మంత్రం వేస్తారేమోనని భయం. లెక్కలే చూసుకునేవాడికి ఆ భయం ఎందుకుంటుంది? వాళ్లకి దేవుళ్లు నిజం, మంత్రాలు నిజం, ఎవరి దేవుడు యుద్ధం గెలిపిస్తాడన్నదే ప్రశ్న. ఫ్రాంకుల రాజు క్లోవిస్‌దీ ఇదే వరస. భార్య క్లోటిల్డ్ పోరు పెట్టి మొదటి బిడ్డకి బాప్తిస్మం ఇప్పిస్తే బిడ్డ చనిపోయాడు, మా దేవుళ్లకిచ్చి ఉంటే బతికేవాడని ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. తర్వాత అలమానులు అనే జర్మన్ తెగతో యుద్ధంలో ఓడిపోయే పరిస్థితి వస్తే ఆవిడ దేవుణ్ణే పిలిచాడు, గెలిచాక రీమ్స్‌లో బిషప్ రెమీ చేతుల మీదుగా నీళ్లలోకి దిగాడు. ఇది ఫ్రాన్స్‌లోని టూర్ ఊరి బిషప్ గ్రెగరీ (ఆ పోప్ కాదు, వేరే మనిషి) డెబ్భై ఎనభై ఏళ్లు గడిచాక రాసిన కథ, కాబట్టి కొంచెం మసాలా ఉంటుంది, తేదీ మీద కూడా గొడవ ఉంది, 496 అని కొందరు, 508 అని ఇంకొందరు.

టైన్ ఒడ్డున:
నేను న్యూకాజిల్‌లో ఉంటాను, మా వైపు కథ వేరు. లిండిస్‌ఫార్న్ ద్వీపానికి వెళ్లేవాళ్లు ముందు సముద్రపు పోటు టైమింగులు చూసుకోండి, రోజుకి రెండుసార్లు రోడ్డు మునిగిపోతుంది. మధ్యలో కర్రస్తంభాల మీద ఒక చిన్న గుడిసె కట్టి ఉంచారు, తొందరపడి కారు దించి ఇరుక్కుపోయినవాళ్ల కోసం. మా ఆయన "ఏం కాదు, పోనీ" అన్నారు, నేను ఒప్పుకోలేదు. సరే విషయానికొస్తే, ఇక్కడి నార్తంబ్రియా రాజ్యపు రాజు ఆస్వాల్డ్ కుర్రతనంలో ప్రాణభయంతో ఉత్తరాన ఐరిష్ వాళ్ల మధ్య పెరిగాడు, అక్కడే బాప్తిస్మం. రాజయ్యాక 635లో స్కాట్లండ్ పడమటి తీరంలోని అయోనా మఠం నుంచి ఐడన్ అనే సన్యాసిని పిలిపించి ఈ ద్వీపం ఇచ్చాడు. ఐడన్‌కి ఇంగ్లిష్ సరిగ్గా రాదు, అందుకని ఆయన ప్రసంగం చేస్తుంటే రాజే పక్కన నిలబడి తన సర్దార్లకి తర్జుమా చేసి చెప్పేవాడట. దీన్ని ఒట్టి రాజకీయం అంటే నేను నమ్మను.

పాత నాణెం:
అక్కా, అదే ఆస్వాల్డ్, వెసెక్స్ అనే ఇంకో రాజ్యపు రాజు తీసుకున్న బాప్తిస్మంలో తండ్రి స్థానంలో నిలబడి, ఆయన కూతుర్నే పెళ్లి చేసుకున్నాడు. నీళ్లలోంచి పైకి ఎవరు లేపారో వాళ్లు పెద్ద రాజు, లేచినవాడు చిన్న రాజు, అప్పటి లెక్క అది. ఈస్ట్ ఆంగ్లియా రాజు రెడ్వాల్డ్ కెంట్ వెళ్లి బాప్తిస్మం తీసుకున్నాడు, ఇంటికొచ్చాక భార్య ఒప్పుకోలేదు, ఒకే గుడిలో క్రీస్తుకో బలిపీఠం, పాత దేవుళ్లకో బలిపీఠం పెట్టుకున్నాడు. మనవాళ్లకి ఇది అర్థంకాని విషయమేమీ కాదు. సట్టన్ హూలో 1939లో బయటపడ్డ ఓడ సమాధి ఈయనదే అని చాలామంది అంటారు. బ్రిటిష్ మ్యూజియంలో శిరస్త్రాణం చుట్టూ జనం మూగి ఉంటారు, మీరు పక్కన వెండి చెంచాలు చూడండి, రెండిటి కాడల మీద గ్రీకు అక్షరాలున్నాయి, ఒకదాని మీద పౌలు పేరు, రెండోది సౌలు (క్రైస్తవంలోకి రాకముందు పౌలు పేరు) అనీ చదవొచ్చు, పౌలు పేరే తప్పు చెక్కారనీ అనుకోవచ్చు. ఓడతో, ఆయుధాలతో పాతపెట్టిన మనిషి తల దగ్గర క్రైస్తవ చెంచాలు! ఫ్రాంకుల బంగారు నాణేలు 37 దొరికాయి, ఒక్కోటి ఒక్కో టంకశాలది.

రెవరెండ్ గారి మనవడు:
అదే రాజ్యంలో తర్వాత వచ్చిన సిగెబర్ట్ సంగతి చెప్పరేం? రాజ్యం వదిలేసి మఠంలో చేరాడు. మెర్సియా రాజు పెండా దండెత్తితే సైనికులకి ధైర్యంగా ఉంటుందని జనం ఆయన్ని బలవంతంగా లాక్కొచ్చి యుద్ధంలో నిలబెట్టారు, కత్తి పట్టను అని చేతికర్రతోనే నిలబడ్డాడు, చనిపోయాడు. వెసెక్స్ రాజు కాడ్వల్లా 688లో గద్దె దిగి రోమ్ వెళ్లి బాప్తిస్మం తీసుకుని కొద్దిరోజుల్లోనే పోయాడు. వీళ్లకి ఏం లాభం వచ్చింది?

కెంట్ కుర్రాడు:
మరి పెండా మారకుండానే ఇరవై ఏళ్లు అందర్నీ గడగడలాడించాడు కదా, 655 దాకా! పైగా 633 ప్రాంతంలో ఆస్వాల్డ్ కంటే ముందు నార్తంబ్రియాని ఏలిన క్రైస్తవ రాజు ఎడ్విన్ని చంపినప్పుడు పెండాతో చేతులు కలిపిన వెల్ష్ రాజు కాడ్వలాన్ క్రైస్తవుడే.

టైన్ ఒడ్డున:
ఎడ్విన్ అంటే గుర్తొచ్చింది. మతం మారాలా వద్దా అని ఆయన పెట్టిన సభలో ఒకరు చెప్పిన పిచ్చుక కథ (చలికాలంలో ఒక తలుపులోంచి వచ్చి ఇంకో తలుపులోంచి పోయే పిచ్చుకలాంటిదే మనిషి బతుకు అని) అందరికీ ఇష్టం, నాకు మాత్రం పాత మతం పూజారి కోయిఫీ మాటలే నవ్వు తెప్పిస్తాయి. "ఈ దేవుళ్లకి నా అంత సేవ ఎవరూ చేయలేదు, అయినా రాజుగారి దగ్గర నాకంటే మర్యాద వేరేవాళ్లకే ఎక్కువ దక్కింది, కాబట్టి వీళ్లతో లాభం లేదు" అన్న ధోరణి. మనిషి వెంటనే గుర్రమెక్కి వెళ్లి సొంత గుడి మీదకే ఈటె విసిరాడు. ప్రమోషన్ రాలేదని కంపెనీ మారినట్టుంది.

ఆఖెన్ ఎంఎస్:
మీ ఇంగ్లండ్‌లో పెళ్లిళ్లు, చెంచాలు. ఇక్కడ కత్తి. నేను చదువుకునే జర్మనీలోని ఆఖెన్ ఊళ్లో ఫ్రాంకుల రాజు చార్లెమేన్ సింహాసనం ఉంది, కెథీడ్రల్ పై అంతస్తులో, గైడ్‌తో టూర్ తీసుకుంటేనే చూడనిస్తారు. బంగారం, రత్నాలు ఊహించుకుని వెళ్లొద్దు, నాలుగు పాలరాతి పలకలు బిగించి ఉంటాయి, పక్క పలక మీద ఎవరో రాయితో గీసిన దాడి ఆట గళ్లు కూడా ఉన్నాయి, గైడ్ వేలు పెట్టి చూపించాడు. ఈయన 772 నుంచి 804 దాకా ఉత్తర జర్మనీలో క్రైస్తవులు కాని సాక్సన్ల మీద యుద్ధం చేశాడు. 782లో వెర్డెన్ దగ్గర ఒక్కరోజులో 4,500 మందిని చంపించాడని ఆయన ఆస్థానం వాళ్ల వృత్తాంతాలే చెబుతాయి. ఆ తర్వాత చట్టం, బాప్తిస్మం వద్దని దాక్కుంటే మరణశిక్ష, శవాన్ని దహనం చేస్తే మరణశిక్ష.

రెవరెండ్ గారి మనవడు:
ఆ కాలంలోనే దీన్ని తప్పుపట్టినవాడు ఆయన కొలువులోనే ఉన్నాడు. ఇంగ్లండ్‌లోని యార్క్ నుంచి వచ్చిన పండితుడు ఆల్క్విన్. మనిషిని బాప్తిస్మానికి ఈడ్చుకురావచ్చుగానీ విశ్వాసానికి ఈడ్చుకురాలేం అన్న అర్థంలో ఉత్తరాలు రాశాడు, దశమభాగం (రాబడిలో పదో వంతు చర్చికివ్వడం) వసూళ్లే సాక్సన్ల విశ్వాసాన్ని చెడగొట్టాయని కూడా అన్నాడు. మా తాతగారు పాస్టరు, దశమభాగం గురించి సంఘంలో అడగాల్సి వస్తే ఎంత మొహమాటపడేవారో నాకు తెలుసు, కొత్తగా ఓడిపోయిన జనాన్ని సైన్యంతో వెళ్లి అడిగితే ఎలా ఉంటుంది మరి.

కెంట్ కుర్రాడు:
సాక్సన్ల నాయకుడు విడుకిండ్ సంగతేంటి, అతన్నీ చంపేశారా?

పాత నాణెం:
లేదు. 785లో అట్టిగ్నీలో బాప్తిస్మం. తండ్రి స్థానంలో నిలబడింది ఎవరనుకున్నావ్, చార్లెమేనే. నేను పైన చెప్పింది అదే.