ఉగాదికి మాల్దీవుల్లో డైవింగ్: సముద్రపు ఒరవడి గురించి సలహా కావాలి

పటమట, విజయవాడ నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేనూ, గుంటూరులో ఉండే మా బావమరిదీ వచ్చే ఉగాదికి ఆరు రోజులు సెలవు పెట్టి స్కూబా డైవింగ్‌కు వెళ్ళాలనుకుంటున్నాం. ఇద్దరం రెండేళ్ళ క్రితం అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి కోర్సు చేశాం. ఇప్పటికి చెరి 11 డైవులు అయ్యాయి, 17 మీటర్ల లోతు దాటలేదు. చివరిసారి నీళ్ళలో దిగి 14 నెలలైంది.

మావాడికి ఇండోనేషియాలోని కొమోడో మీద మనసు. నాకు మాల్దీవులు నచ్చాయి. రెండు చోట్లా ఒరవడి బలంగా ఉంటుందని చదివినప్పటి నుంచి ఇంట్లో మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. ఒక ఏజెంటు మాల్దీవుల్లో వారం రోజులు పడవ మీదే ఉండి డైవులు చేసే యాత్ర తక్కువ ధరకు ఇస్తానంటున్నాడు. ఆ పడవవాళ్ళు 50 డైవులు అయి ఉండాలని అడుగుతారట. "పర్వాలేదు, లాగ్ పుస్తకంలో (చేసిన డైవులు రాసుకునే పుస్తకం) రాసేసుకోండి, ఎవరూ చూడరు" అన్నాడు. టికెట్లు ఇంకా కొనలేదు. అనుభవం ఉన్నవారు దారి చూపించగలరు.

బ్రాడీపేట, గుంటూరు నుంచి జవాబు:

తమ్ముడూ, ముందు ఆ ఏజెంటు మాట పక్కన పెట్టండి. ఆ 50 అనే అంకె పడవవాళ్ళు బడాయికి పెట్టింది కాదు. వాళ్ళు దింపే చోట్లు అలాంటివి. లేని 39 డైవులు మీరు రాసుకుంటే, గైడు ఆ పుస్తకం చూసి మిమ్మల్ని అనుభవజ్ఞుల గుంపులో వేస్తాడు. నీళ్ళలోకి దిగాక మీ కాళ్ళకు, ఊపిరితిత్తులకు ఉన్నవి 11 డైవులే. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేదీ ఆ పుస్తకమే.

కొమోడో ఈసారికి వద్దు. పసిఫిక్ మహాసముద్రం నీళ్ళు ఇండోనేషియా దీవుల సందుల్లోంచి హిందూ మహాసముద్రంలోకి నిరంతరం పారుతుంటాయి. కొమోడో ఉన్నది అలాంటి సందుల్లో ఒకదానిలో, సుంబావా, ఫ్లోరెస్ దీవుల మధ్య. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద రోజుల్లో గేటు కింద నీళ్ళు ఎలా ఎగిసి పడతాయో మీరు చూసే ఉంటారు. అంత నది ఇరుకు సందులోంచి పోవలసి వచ్చేసరికి ఆ వడి వస్తుంది. అక్కడ జరిగేదీ అదే, కాకపోతే గేట్లు నీటి అడుగున ఉంటాయి, ఎత్తేవాడు చంద్రుడు. పైగా మార్చి నెలంటే అక్కడ వానలు ఇంకా పూర్తిగా వెనకబడవు. కాజిల్ రాక్, బాటు బొలాంగ్ లాంటి అక్కడి డైవు చోట్లు ఎక్కడికీ పోవు. 50, 60 డైవులు అయ్యాక ఏప్రిల్ నుంచి అక్టోబరు మధ్యలో వెళ్ళండి, అప్పుడు ఆ సముద్రం మీకు దక్కుతుంది.

మాల్దీవులకు వెళ్ళండి, కానీ ఉగాదికి వద్దు. ఎందుకంటే ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి, అంటే అమావాస్య మరునాడు. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరుసలో నిలబడి నీళ్ళను లాగే రోజులు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు ఆటుపోట్లు అన్నిటికన్నా బలంగా ఉంటాయి. మార్చి 20 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు వస్తాయి కాబట్టి, ఏడాది మొత్తంలో పెద్ద పోట్లు పడేది కూడా దాదాపు అప్పుడే. అష్టమి వచ్చేసరికి సూర్యుడు ఒకవైపు, చంద్రుడు ఇంకోవైపు లాగుతారు, పోటు తగ్గుతుంది. ఆ తగ్గుదల నవమి, దశమి దాకా నిలుస్తుంది. మీ ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండరే చాలు. సప్తమినాడు బయలుదేరండి. అష్టమి, శ్రీరామనవమి, దశమి మూడు రోజులు డైవులు. ఏకాదశి నీళ్ళ జోలికి పోకుండా ఒడ్డున ఉండండి. ద్వాదశికి విమానం ఎక్కండి. మీ ఆరు రోజులూ సరిపోయాయి.

ఒక్క మాట. మాల్దీవుల్లో పోటుకూ పాటుకూ నీటిమట్టంలో తేడా సుమారు ఒక మీటరు, అంతే. అక్కడి ఒరవడిలో తిథి పాత్ర సగమే, మిగతా సగం ఋతుపవనాలది. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు ఈశాన్య గాలులు, నీళ్ళు తూర్పు నుంచి పడమటికి పారతాయి. తూర్పు అంచున మహాసముద్రపు నీళ్ళు లోపలికి వస్తుంటాయి కాబట్టి అక్కడ నీళ్ళు తేటగా ఉంటాయి. అందుకే తిథి చూసుకుని వెళ్ళినా గైడు మాటే ఆఖరు మాట.

సూర్యారావుపేట, విజయవాడ నుంచి:

అక్క చెప్పినదానికి ఒక డాక్టరుగా చిన్న చేర్పు. ఇద్దరూ వెళ్ళేముందు చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించుకోండి. కర్ణభేరికి చిల్లు, ఆస్తమా, ఈమధ్య ఛాతీకి జరిగిన ఆపరేషన్ ఇవేవైనా ఉంటే దాచకండి. జలుబు ఉన్న రోజు డైవు మానేయండి. ముక్కు దిబ్బడ తగ్గే మాత్ర వేసుకుని దిగితే, నీళ్ళలో ఉండగానే దాని ప్రభావం తగ్గి, పైకి వచ్చేటప్పుడు చెవిలోని గాలి బయటికి రాక నొప్పి పెడుతుంది. ఒరవడిలో ఉన్నవారు ఆ నొప్పికి మధ్యలో ఆగడానికి వీలుండదు.

పటమట నుంచి:

ధన్యవాదాలు డాక్టరుగారూ. అక్కా, తిథుల సంగతి మా అమ్మకు చెబితే ఆవిడే వెంటనే క్యాలెండరు తీసింది. మూడు సందేహాలు మిగిలాయి. ఒరవడిలో చిక్కుకుంటే అసలు ఏం చేయాలి? అక్కడ ఏ దీవిలో ఉంటే మా స్థాయికి సరిపోతుంది? మావాడికి ఈత బాగానే వచ్చు, కృష్ణలో సాధన చేయవచ్చా?

బ్రాడీపేట నుంచి:

కృష్ణలో వద్దు తమ్ముడూ. ఘాట్ల దగ్గర, బ్యారేజీ దిగువన ఏటా ఎంతమంది ఈతగాళ్ళు పోతున్నారో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. గాంధీనగర్‌లోని మునిసిపల్ ఈత కొలనుకు వెళ్ళండి. ఆగకుండా 200 మీటర్లు ఈది, ఆ తర్వాత పది నిమిషాలు ఏ ఆధారం లేకుండా తేలగలిగితే చాలు.

ఇక ఒరవడి సంగతి. ఎనిమిదేళ్ళ క్రితం నాకు జరిగినది చెబుతాను. మాల్దీవుల్లో రెండు పగడపు దిబ్బల మధ్య ఉండే కాలువను కండూ అంటారు. అలాంటి కండూ అంచున నేను 18 మీటర్లలో ఉన్నాను. చేపలన్నీ ఒకే దిక్కుకు ముఖాలు పెట్టి నిలబడ్డాయి, రెక్కలు మాత్రం ఆడుతున్నాయి. అది హెచ్చరిక అని అప్పట్లో నాకు తెలియదు. నా నోటి నుంచి వెళ్ళే గాలి బుడగలు పైకి పోవలసినవి కాస్తా నా మోకాళ్ళ వైపు దిగుతున్నాయి. రెండు మూడు ఊపిరులు తీసుకుని, లోతు చూపే డైవు కంప్యూటరు చూసేసరికి 25 మీటర్లు. దిబ్బ అంచు మీదుగా నీళ్ళు జలపాతంలా కిందికి జారుతున్నాయి, నేను వాటిలో ఉన్నాను.

అలాంటప్పుడు అందరూ చేసే తప్పు పైకి కాళ్ళు కొట్టడం. నీళ్ళతో పోట్లాడి గెలిచే మనిషి లేడు. ఒక నాట్ ఒరవడి అంటే గంటకు 1.85 కిలోమీటర్లు, నేల మీద నింపాదిగా వేసే నడక. దానికే ఎదురు ఈదడం మంచి ఈతగాడికైనా కొద్ది నిమిషాలకు మించి సాధ్యం కాదు. దిబ్బ గోడకు దూరంగా, అడ్డంగా, సముద్రం వైపు ఈదాలి. కిందికి జారే నీళ్ళు సాధారణంగా గోడను ఆనుకునే ఉంటాయి, పది ఇరవై మీటర్లు పక్కకు జరిగితే పట్టు సడలుతుంది. బీసీడీలో, అంటే గాలి నింపుకుని తేలే చొక్కాలో, గాలి కొంచెం కొంచెంగా నింపాలి, లాగుడు వదలగానే ఆ గాలి తీసేయాలి. తీయకపోతే బంతిలా పైకి లేస్తారు, అది ఇంకా ప్రమాదం. గోడకు మరీ దగ్గరగా ఉంటే బతికున్న పగడం కాకుండా ఉత్త రాయి చూసి పట్టుకుని, చేతులతో పాకుతూ పైకి రావచ్చు. నేను పక్కకు ఈది బయటపడ్డాను.

బయటపడ్డాక అసలు కష్టం మొదలైంది. జట్టు కనబడలేదు. నీటి అడుగు నుంచే పైకి వదిలే నారింజ రంగు గాలి గొట్టం, మనవాళ్ళు ఎస్ఎంబీ అంటారు, అద్దెకు తీసుకున్నది నా దగ్గర ఉంది. ఎప్పుడూ విప్పి చూడలేదు. దారం చిక్కుపడి, నేను నీటి మీదికి వచ్చాకే నోటితో ఊది నిలబెట్టాను. పడవ వేలిగోరంత కనిపించి, అల లేస్తే మాయమైంది. ఈల ఊదాను, ఇంజను చప్పుడులో వాళ్ళకు వినపడలేదు. 35 నిమిషాలు ఆ గొట్టాన్ని రెండు చేతులతో నిటారుగా పట్టుకుని ఉన్నాను. చివరికి పడవ నడిపే కుర్రాడు చూసింది ఆ రంగునే.

అందుకే మీ బట్టల మూటలో ఏది లేకపోయినా ఇద్దరికీ చెరొక సొంత ఎస్ఎంబీ ఉండాలి, ఒకటిన్నర మీటరుకు తగ్గకుండా. ఎండకు మెరిసే చిన్న అద్దం, ఈల, పగలైనా టార్చి లైటు. మాల్దీవుల్లో ఎస్ఎంబీ నిబంధనే. వినోదపు డైవులకు అక్కడి చట్టం 30 మీటర్ల హద్దు పెట్టింది, మీ ఓపెన్ వాటర్ కార్డుకు అది 18 మాత్రమే. అక్కడికి వెళ్ళాక మొదటి రెండు రోజుల్లో అడ్వాన్స్‌డ్ కోర్సు చేసుకోండి, ఐదు డైవులు, అందులో ఒకటి ఒరవడితో పాటు కొట్టుకుపోవడం నేర్పే డ్రిఫ్ట్ డైవు ఎంచుకోండి. మూడు రోజుల్లో ఐదు కోర్సు డైవులు, మరో రెండో మూడో మామూలు డైవులు. అంతకుమించి ఆశపడవద్దు.

దీవి విషయానికి వస్తే, దక్షిణ ఆరి అటాల్‌లో (అటాల్ అంటే మధ్యలో సరస్సు ఉండే పగడపు దిబ్బల వలయం) దిగురా అనే ఊరు. మాలే నుంచి స్పీడు బోటులో సుమారు రెండు గంటలు. రిసార్టులు కాకుండా మామూలు గెస్ట్‌హౌసులు ఉంటాయి. ఏడాది పొడవునా తిమింగలం సొర కనబడే చోటు. లోతులేని దిబ్బలు, నీటిలో మునిగి ఉండే చిన్న గుట్టలు దగ్గరలోనే ఉన్నాయి. కండూలకు పేరుపొందిన వావు అటాల్ వచ్చేసారికి దాచుకోండి. గైడు కండూ దగ్గరకు తీసుకువెళ్తే ఒక్కటే అడగండి: నీళ్ళు లోపలికి వస్తున్నాయా, బయటికి పోతున్నాయా? లోపలికి వస్తుంటే నీరు తేటగా ఉంటుంది, కొట్టుకుపోయినా సరస్సులోకే పోతారు. బయటికి పోతుంటే మసక నీళ్ళు, పోయేది మహాసముద్రంలోకి. మీ స్థాయికి ఆ రెండో రకం డైవుకు దిగనని చెప్పండి. సిగ్గుపడే పనే లేదు.

పటమట నుంచి:

అక్కా, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. మీరు క్షేమంగా వచ్చారు, అదే పదివేలు. ఒక చిన్న లెక్క అడుగుతాను. అండమాన్‌లో మాకు ఒక సిలిండరు 45 నిమిషాలు వచ్చేది. అక్కడా అంతేనా?

బ్రాడీపేట నుంచి:

అంత రాదు. లెక్క కట్టి చూద్దాం. 11 లీటర్ల సిలిండరు, లోపల గాలి ఒత్తిడి 200 బార్. 50 బార్ మిగిల్చుకుని పైకి రావాలి, కాబట్టి వాడుకునేది 150. అంటే 1650 లీటర్ల గాలి. నేల మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 20 మీటర్ల లోతులో ఒత్తిడి మూడింతలు కాబట్టి 60 లీటర్లు ఖర్చు చేస్తాడు. 27 నిమిషాలు. అండమాన్‌లో మీరు ఎనిమిది తొమ్మిది మీటర్లలో తీరికగా తిరిగి ఉంటారు, అందుకే 45 వచ్చాయి. ఒరవడికి ఎదురీదితే ఊపిరి రెట్టింపు అవుతుంది. అప్పుడు 14 నిమిషాలు కూడా రాదు. ఇద్దరిలో ఎవరి గాలి ముందు తగ్గితే వారితో రెండోవారూ పైకి రావాలని ఒడ్డునే మాట అనుకోండి. పైకి వచ్చేటప్పుడు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం మరచిపోవద్దు, ఎస్ఎంబీ వదలవలసింది అప్పుడే.

మిగతావి చకచకా చెబుతాను. గన్నవరం నుంచి బెంగళూరు మీదుగా మాలే. మనకు వీసా దిగాక ఉచితంగానే ఇస్తారు, ప్రయాణానికి ముందు 96 గంటల లోపు ఐముగా అనే వెబ్‌సైటులో వివరాలు నింపాలి. చివరి డైవుకూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. నేను 24 పాటిస్తాను, ఏకాదశి ఖాళీగా పెట్టమన్నది అందుకే. మామూలు ప్రయాణ బీమాలో స్కూబా చాలాసార్లు ఉండదు, ఉన్నా లోతు హద్దు ఉంటుంది. డాన్ వంటి డైవర్ల బీమా విడిగా తీసుకోండి, ఆ కాగితం మీ ఆవిడ చేతిలో ఒక ప్రతి పెట్టండి.

పటమట నుంచి:

కొమోడో ఆగిందని మావాడు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు, బుడగలు కిందికి దిగిన సంగతి చదివాక మరి మాట్లాడలేదు. ఏజెంటుకు వద్దని చెప్పేశాను. సప్తమినాటికి టికెట్లు చూస్తున్నాం. దిగురాలో దిగగానే మొదటి డైవు పాత పాఠాలు గుర్తు చేసుకోవడానికే పెట్టమని అడుగుతాను. ఎస్ఎంబీలు రెండు ఈ రాత్రే ఆర్డరు పెడుతున్నాను.

బ్రాడీపేట నుంచి:

మంచిది. అవి రాగానే ఊరికే బీరువాలో పెట్టకండి. దారం మొత్తం విప్పి, మళ్ళీ చుట్టి, కళ్ళు మూసుకుని విప్పగలిగేదాకా చేయండి. ఈత కొలనులో ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా నీటి అడుగున కూర్చుని ఒక్క ఊపిరితో ఊది వదలడం ఇద్దరూ చెరి పదిసార్లు సాధన చేయండి. వదిలేటప్పుడు దారం వేలికి చుట్టుకోకుండా చూసుకోవాలి, చుట్టుకుంటే గొట్టంతో పాటు మిమ్మల్నీ పైకి లాగుతుంది. ఆదివారం పొద్దున్నే రద్దీ తక్కువగా ఉంటుంది. మీ బావమరిదిని శనివారం సాయంత్రమే విజయవాడకు రమ్మనండి.