పాత పుస్తకంలోని ఈ వంశచిహ్నం ఏ గోర్డన్‌దో ఎలా తెలుసుకోవాలి?

అందరికీ నమస్కారం. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీద కొన్న ఒక పాత ఇంగ్లీషు పుస్తకం లోపలి అట్టకు, వంశచిహ్నం ముద్రించిన చీటీ అతికించి ఉంది. పేరుండాల్సిన చోట చిరిగిపోయింది. ఆ పుస్తకం ఎవరిదో తెలుసుకోవాలని చాలా కోరికగా ఉంది.

డాలు నిండా అడ్డగీతలు, వాటి మీద మూడు అడవిపంది తలలు, ఆ తలల నిండా సన్నని చుక్కలు. నలుపు తెలుపు ముద్రణలో అడ్డగీతలంటే నీలం, చుక్కలంటే బంగారం. నీలం మీద మూడు బంగారు పంది తలలు స్కాట్లాండ్ గోర్డన్ వంశానివి. నినాదం డాలు కింద కాకుండా అన్నిటికంటే పైన ఉంది. ఇది కూడా స్కాట్లాండ్ పద్ధతే. అక్షరాలు మాత్రం చెరిగిపోయాయి.

చిక్కల్లా ఇక్కడే. అక్కడి చట్టం ప్రకారం చిహ్నం ఇంటిపేరుకు చెందదు, ఒక వ్యక్తికి చెందుతుంది. చిన్న కొడుకుల శాఖలు అందులో ఏదో ఒక మార్పు చేసి నమోదు చేయించుకోవాలి. నా చీటీలో డాలు చుట్టూ నిలువు గీతల అంచు ఉంది, అంటే ఎర్ర అంచు. శాఖను పట్టించే గుర్తు అదే అనుకుంటున్నాను. కప్పుల మీద వేసి అమ్మే "గోర్డన్ కుటుంబ చిహ్నం" బొమ్మలు అందుకే నాకు పనికిరావు.

ఎడిన్‌బరోలో లార్డ్ లయన్ న్యాయస్థానం ఈ చిహ్నాల రిజిస్టరును 1672 నుంచి నిర్వహిస్తోంది. అందులో పేరు తెలియకుండా, కేవలం అంచును బట్టి వెతికే వీలుందా? ఫొటో పంపితే వారు జవాబిస్తారా? మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసిన గోర్డన్‌ల వివరాలు ఎక్కడ దొరుకుతాయో తెలిసినవారు కూడా దయచేసి చెప్పండి.