నగదుకు 2 లక్షల హద్దు న్యాయమేనా? సరిహద్దు ఊళ్లవాళ్లు చెప్పండి

పర్లాకిమిడి జీడిపిక్కలు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఆనుకునే పాతపట్నం, అది ఆంధ్రా. వేసవిలో కొండల మీది సవర గిరిజనుల ఊళ్లకు వెళ్లి జీడిపిక్కలు కొంటాం. 80 కిలోల బస్తాలు కట్టి పలాస వైపు ఫ్యాక్టరీలకు వేస్తాం. పోయిన సీజన్‌లో ఒక లోడుకు 2,40,000 బిల్లు అయింది. కొన్నవాళ్లు మొదటి రోజు 1,90,000, మర్నాడు 50,000 నగదుగా ఇచ్చారు. ఏ రోజూ 2 లక్షలు దాటలేదు కదా అని నాన్న తీసుకున్నారు. మొన్న పుస్తకాలు చూసిన ఆడిటర్ గారు ఇది తప్పే అన్నారు. పెనాల్టీ వేస్తే మొత్తం 2,40,000 వేస్తారట. ఆ లోడు మీద మాకు మిగిలింది 11,000. రెండు రోజులుగా నాన్నకు నిద్ర లేదు.

ఇది దొంగ సొమ్ము కాదు. బిల్లు ఉంది, లారీ చీటీ ఉంది, పుస్తకంలో రాసి ఉంది. నోట్లుగా వచ్చిందనే ఒక్క కారణానికి నేరమైపోతుందా? నా మాట ముందే చెప్పేస్తున్నా. పన్ను అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంది. నా సొమ్ము ఏ రూపంలో పుచ్చుకోవాలో చెప్పే హక్కు లేదు.

రాయగడ లెక్కల గుమాస్తా

తమ్ముడూ, ముందు నాన్నగారికి ధైర్యం చెప్పు. ఇది జైలు కేసు కాదు, పెనాల్టీ. సరైన కారణం చూపిస్తే వేయకుండా వదిలే వీలు కూడా చట్టంలోనే ఉంది.

మేం 269ఎస్‌టీ అని పిలుచుకునే ఈ ఆదాయపు పన్ను నిబంధన 2017 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. బడ్జెట్‌లో 3 లక్షలన్నారు, బిల్లు పాసయ్యేసరికి 2 లక్షలకు దించారు. అందరూ 'రోజుకు 2 లక్షలు' అనే గుర్తుపెట్టుకుంటారు. అక్కడే దెబ్బ తింటారు. ఒకరి నుంచి ఒక రోజులో, లేదా ఒకే లావాదేవీకి, లేదా పెళ్లి లాంటి ఒకే సందర్భానికి 2 లక్షలు, ఆ పైన నగదు తీసుకోకూడదు. మీది ఒకే బిల్లు కాబట్టి ఎన్ని రోజులకు విడగొట్టినా ఒకటే లెక్క. పెనాల్టీ పడేది పుచ్చుకున్నవాడికి, ఇచ్చినవాడికి కాదు.

కొండ మీద మీరు చేసే కొనుగోళ్లకు మాత్రం భయం లేదు. మామూలుగా వ్యాపార ఖర్చు ఒకరికి ఒక రోజులో 10,000 మించి నగదుగా ఇస్తే లెక్కలో ఒప్పుకోరు. కానీ పండించిన రైతుకే నేరుగా ఇచ్చేదానికి మినహాయింపు ఉంది. రైతు సొంత పంటను 2 లక్షల లోపు నగదుకు అమ్ముకోవచ్చని 2017 నవంబరులో ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ కూడా ఇచ్చింది.

గుణుపురం మాస్టారు

బాబూ, మీ నాన్నగారి కష్టం అర్థమైంది. అయినా ఈ హద్దు ఉండి తీరాలంటాను. ఎందుకో నా కథ చెబుతాను.

2014లో ఇంటి స్థలం కొన్నాను. అమ్మిన ఆయన ధరలో సగం పైన నోట్లుగా ఇవ్వాలన్నాడు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి, జీతంలో ప్రతి రూపాయికీ పన్ను కట్టి, పీఎఫ్‌లో దాచుకున్న డబ్బు అది. బ్యాంకు నుంచి తీసి సంచిలో పెట్టి ఆయన చేతిలో పోశాను. నా తెల్లడబ్బు ఆ గుమ్మం దాటగానే నల్లడబ్బు అయిపోయింది. తరువాత ఇల్లు కట్టుకుందామని అప్పుకు వెళితే బ్యాంకు కాగితం మీది ధరే చూసింది. ఆ స్థలం మీద నేను పోసినదానిలో సగానికి విలువే లేదు. ఎవరికి చెప్పుకోను?

2015 జూన్ నుంచి స్థలం అడ్వాన్సుగా 20,000, ఆ పైన నగదు తీసుకోకూడదని చట్టం మార్చారు. ఆ నిబంధన ఒక్క ఏడాది ముందు వచ్చి ఉంటే 'అయ్యా, చట్టం ఒప్పుకోదు' అని చెప్పే నోరు నాకు ఉండేది. నగదు స్వేచ్ఛ అంటారు. బలమున్నవాడు బలహీనుడి మెడ మీద పెట్టేది కూడా ఆ నగదే. కట్నం అలాగే వెళ్తుంది, కాంట్రాక్టు పర్సెంటేజీ అలాగే వెళ్తుంది, ఓటుకు నోటూ అంతే.

పర్లాకిమిడి జీడిపిక్కలు

మాస్టారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ మా కొండల మీద చూడండి. సవర రైతు కాటా దగ్గర నిలబడి నోట్లు లెక్కపెట్టుకుంటేనే పిక్కలు వదులుతాడు. ఖాతాలో వేస్తానంటే తల అడ్డంగా ఊపుతాడు. ఆ ఖాతాలో పాత అప్పు ఉంటుంది, పడిన డబ్బు వాయిదాకి పోతుందని భయం. డబ్బు తీసుకోవడానికి కొండ దిగాలి, ఆ రోజు కూలి పోతుంది.

ఫోన్ పే మీద నాన్నకు ఎందుకు నమ్మకం పోయిందో కూడా వినండి. మా కొట్టులో ఎవరో 700 రూపాయల సరుకు కొని స్కాన్ చేసి వెళ్లారు. అది ఎక్కడో ఎవరినో మోసం చేసి లాగిన డబ్బట. వేరే రాష్ట్రం పోలీసులు చెప్పారని బ్యాంకు మా ఖాతా మొత్తం ఆపేసింది, ఆ 700 కాదు, మొత్తం. అది తెరిపించుకునేసరికి నెల దాటింది. ఆ నెల ఇల్లు నడిచింది నాన్న బీరువాలో దాచిన నోట్లతోనే.

కాశీనగర్ కోడలు

అన్నయ్యలందరూ లక్షల్లో మాట్లాడుతున్నారు. నేను వేలల్లో మాట్లాడతాను.

నా బ్యాంకు ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు మా ఆయనది. కుట్టుపని డబ్బు 300 పడినా మెసేజ్ ఆయనకే వెళ్తుంది. సాయంత్రానికి 'ఆ మూడు వందలు ఏం చేశావ్' అని అడుగుతారు. చెడ్డ మనిషి కాదు, కానీ అడుగుతారు. అందుకే చేతికి ఇచ్చే డబ్బంటే నాకు ప్రాణం. మా చెల్లెలు నర్సింగ్ పరీక్షకు ఫీజు కట్టింది ఆ డబ్బుతోనే, ఇంట్లో ఎవరికీ తెలియకుండా.

2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దన్నప్పుడు మా అత్తగారు బియ్యం డబ్బా అడుగు నుంచి 14,000 తీసి మామగారి ముందు పెట్టి ఏడ్చారు. తప్పు చేసి కాదు. ఇన్నేళ్లు తనకంటూ ఉన్న ఒక్క రహస్యం బయటపడిందని. రద్దయిన నోట్లలో 99 శాతం పైగా తిరిగి వచ్చేశాయని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. నల్లడబ్బు ఎంత దొరికిందో ఏమో గానీ, ఆడవాళ్ల డబ్బాలు మాత్రం ఖాళీ అయ్యాయి. 2 లక్షల హద్దు నన్ను తాకదు. అన్నీ ఫోన్‌లోనే జరగాలనే ఆ పట్టుదల తాకుతుంది.

బరంపురం లా స్టూడెంట్

అక్కా, మీరు చెప్పినదానికి దగ్గరి తీర్పు ఒకటి మన తెలుగు నేల నుంచే వచ్చింది. కలెక్టర్ అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకుకు వెళ్లి ఖాతాదారుల పత్రాలు తనిఖీ చేయొచ్చని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్టాంపు చట్టం 73వ సెక్షన్‌ను సవరించారు. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్‌కు, కెనరా బ్యాంకుకు మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2004లో దాన్ని కొట్టేసింది. కాగితం బ్యాంకు చేతికి వెళ్లినంత మాత్రాన ఖాతాదారు గోప్యత పోదని చెప్పింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. 2018లో ఆధార్ తీర్పు వచ్చింది. దొంగ డబ్బును పట్టుకోవాలని అందరి ఖాతాలకూ ఆధార్ తప్పనిసరి చేయడం అవసరానికి మించిన చర్య అని ఆ నిబంధనను తీసేశారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. మనకు 2 లక్షల హద్దు పెట్టిన ఆ 2017 ఫైనాన్స్ చట్టంలోనే పార్టీల కోసం ఎలక్టోరల్ బాండ్లకు దారి వేశారు. జీడిపిక్కలు అమ్మినవాడు ప్రతి రూపాయీ కనిపించేలా పుచ్చుకోవాలి, కోట్లు చందా ఇచ్చినవాడి పేరు మాత్రం ఓటరుకు తెలియకూడదు. 2024 ఫిబ్రవరి 15న కోర్టు ఆ బాండ్లను రద్దు చేసేదాకా అలాగే నడిచింది.

సిరొంచ మిర్చి

మాది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా. మిర్చి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు తీసుకుపోతాం. ఎన్నికలప్పుడు 50,000 మించి నగదు ఉంటే కాగితం చూపాలి, లేకుంటే పట్టుకుంటారు. 2024లో మా పోలింగ్ ఏప్రిల్ 19న అయిపోయింది, అవతల తెలంగాణలో మే 13న. మిర్చి అమ్ముకునే రోజులన్నీ రెండు వైపులా తనిఖీలే. మా బాబాయి దగ్గర 86,000 ఉంచేసుకున్నారు. మార్కెట్ చీటీ జేబులోనే ఉంది, కానీ తెలుగులో ఉంది, చూసినాయనకు తెలుగు రాదు. జిల్లా కమిటీ ముందు పెట్టుకుంటే డబ్బు తిరిగొచ్చింది. అప్పటికి కూలీలకు ఇవ్వాల్సిన రోజు దాటిపోయి, వడ్డీకి తెచ్చి ఇచ్చాం.

మాస్టారు చెప్పిన ఓటు నోట్లు ఆగాయా? మా ఊళ్లో ఆగలేదు.

గుణుపురం మాస్టారు

సిరొంచ బాబు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. కాశీనగర్ అమ్మాయి రాసింది చదివి చాలాసేపు ఊరుకున్నాను. మా ఇంట్లో కూడా అలాంటి డబ్బా ఉండేది, నేను ఎన్నడూ అడగలేదు.

అయినా ఒక్కటి. పుట్టస్వామి తీర్పులోనే గోప్యతకూ హద్దులు ఉండొచ్చన్నారు కదా. చట్టం ఉండాలి, సరైన లక్ష్యం ఉండాలి, దానికి తగ్గ మోతాదులో ఉండాలి. 2 లక్షల నోట్ల కట్ట చేతులు మారడం చిల్లర ఖర్చు కాదు. ఐరోపా దేశాలు కూడా 2027 జులై నుంచి వ్యాపార చెల్లింపులకు 10,000 యూరోల హద్దు పెడుతున్నాయి. మనం మాత్రమే ఎందుకు వద్దనాలి?

బరంపురం లా స్టూడెంట్

మోతాదు అన్నారు కదా మాస్టారూ, పట్టుకోవాల్సింది అక్కడే. 11,000 లాభానికి 2,40,000 పెనాల్టీ మోతాదా? పన్ను ఎగ్గొట్టినవాడికీ, పుస్తకంలో రాసుకుని నగదు తీసుకున్నవాడికీ ఒకే దెబ్బ ఎందుకు? 2017లో పెట్టిన 2 లక్షలతో అప్పుడు కొన్నంత బంగారం ఇప్పుడు కొనగలమా? ధరలతో పాటు ఆ అంకె పెరగలేదు.

రాయగడ లెక్కల గుమాస్తా

చూసే కన్ను ఎంత పెద్దదో కూడా తెలుసుకోండి. సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 10 లక్షలు, ఆ పైన నగదు వేస్తే బ్యాంకే పన్ను శాఖకు చెబుతుంది. 2021 నవంబరు నుంచి వార్షిక సమాచార నివేదిక అని ఒకటి వచ్చింది. మీ వడ్డీ, షేర్లు, డివిడెండ్లు అన్నీ అందులో కనిపిస్తాయి. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న దుకాణాలకు జీఎస్టీ నోటీసులు పంపితే, బెంగళూరులో కొట్లవాళ్లు స్కానర్లు పీకి 'నగదు మాత్రమే' అని బోర్డులు పెట్టారు. భయపెడితే జనం వెనక్కి నోట్లకే పోతారు. ఈ పనిలో ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. హద్దు ఉండనివ్వండి. ఆ సమాచారాన్ని ఎవరు చూశారు, ఎందుకు చూశారు అన్నది ఖాతాదారుకు తెలిసే ఏర్పాటు కూడా ఉండాలి. 2023 డేటా రక్షణ చట్టంలో కేంద్రం తాను ఎంచుకున్న ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వీలు పెట్టుకుంది. మనం అడగాల్సింది దాని గురించే.

పర్లాకిమిడి జీడిపిక్కలు

మొదట 'హక్కు లేదు' అని రాశాను. మాస్టారి స్థలం కథ చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. హద్దు ఉండనివ్వండి. పెనాల్టీ మాత్రం ఎగ్గొట్టిన పన్నును బట్టి ఉండాలి, ముట్టుకున్న నోట్లను బట్టి కాదు. దీని మీద నేను మెత్తబడను.

ఈ సీజన్ నుంచి ఫ్యాక్టరీ డబ్బు ఖాతాలోనే వేయించుకుంటామని నాన్న ఒప్పుకున్నారు. కొండ మీద మాత్రం నోట్లే, రైతు వేలిముద్రతో రసీదు తీసుకుంటాం. కాశీనగర్ చెల్లెమ్మా, ఖాతాకు నీ నంబరు మార్చమని బ్యాంకులో నువ్వే రాసివ్వొచ్చు, ఇంకెవరి సంతకం అక్కర్లేదు. రేపు ఆ బిల్లు, లారీ చీటీ, రెండు రసీదులు పట్టుకుని ఆడిటర్ గారి దగ్గరికి వెళ్తున్నాం. ఏమన్నారో ఇక్కడే రాస్తాను.