పికప్ ట్రక్కుకు పాత 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజినా, 6.7 లీటర్లదా?

టెక్సాస్‌లో ఉంటాం. ట్రాక్టర్‌ను గూస్‌నెక్ ట్రైలర్ (ట్రక్కు వెనక తొట్టిలో తగిలించేది) మీద హిల్ కంట్రీలోని పొలానికి లాగాలి, ట్రైలర్‌తో కలిపి 10,000 పౌండ్లు. 1997 డాడ్జ్ 12-వాల్వ్ (5.9 ఇంజిన్‌ది), 2014 రామ్ 6.7 చూశాను. ఏది నయం?

జవాబు: పాతదే అన్నా! ఇంజెక్షన్ పంపు పూర్తిగా మెకానికల్, సెన్సర్ల టెన్షన్ లేదు. కొనేముందు ఇంజిన్ ముందువైపు గేర్లుండే టైమింగ్ కేసులోని డోవెల్ పిన్ (చిన్న ఉక్కు పిన్ను) సంగతి అడగండి. అది వదులై గేర్లలో పడితే పెద్ద ఖర్చే.

జవాబు: లాగడం సరే, ఆపడం మాటేమిటి? 6.7కి ఎగ్జాస్ట్ బ్రేక్ కంపెనీ నుంచే వస్తుంది. దిగుడులో స్విచ్ నొక్కితే టర్బోనే ఇంజిన్‌ను అదిమి పట్టి వేగం తగ్గిస్తుంది, బ్రేకులు కాలిపోవు. డీఈఎఫ్ (పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం) పోయాలి, నిజమే. పక్కవీధి తిరుగుళ్లకే వాడితే డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో) మసి పేరుకుంటుంది, అప్పుడప్పుడు హైవే మీద బరువుతో తోలండి.

ప్రశ్న అడిగినవారు: మా దారంతా ఎత్తుపల్లాలే, వెనక పిల్లలుంటారు. 6.7కే వెళ్తాను.